ఏడు గోళీలు ఆగిన పలక

మంచుగడ్డ సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుందని బళ్లో చెప్పారు. అది నమ్మి నేను ఫిజిక్సులో చేరాను. నిజమే గానీ, గడ్డ పెద్దదైతేనే నిజం. ఒక బల్లపరుపు చోట పదో ఇరవయ్యో కణాలు గుంపుగా ఉంటే, ఆ గుంపుకు ఫలానా డిగ్రీ అంటూ ఒకటి ఉండదు. అది ఒక్కసారిగా కరగదు. ముందు లోపలెక్కడో కొంచెం వదులవుతుంది, పైకి చూస్తే గట్టిగానే కనిపిస్తుంది, ఎప్పుడు మొదలైందో చెప్పలేం. ఆ చెప్పలేనిదాన్ని చెప్పడానికి నేను ఆరేళ్లు పెట్టాను. అందులో ఏడాదిన్నర మా నాయిన వల్ల మట్టిపాలైందని చాలాకాలం అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది, ఆయన మొహం మీదే అన్నాను.

మేం నాచారంలో, మల్లాపూర్ వెళ్లే దారిలో, వరుసగా కట్టిన రెండేసి గదుల ఇళ్లలో ఉండేవాళ్లం. నాయిన పెళ్లికి ముందే జనగామ వైపు నుంచి వచ్చి, యంత్రాల భాగాలు చేసే ఒక కంపెనీలో టూల్‌రూమ్ ఫిట్టరుగా చేరాడు. ఆయన పని లోహాన్ని చదును చేయడం. పరీక్షించే బండ మీద నీలం రంగు పల్చగా రాసి, చేస్తున్న ముక్కను దాని మీద బోర్లించి ఒకసారి రుద్దుతారు. ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ నీలం అంటుకుంటుంది, పల్లంగా ఉన్నచోట అంటదు. నీలం అంటిన చోట స్క్రేపరుతో వెంట్రుకవాసి గీకి, మళ్లీ బోర్లించి చూడాలి. ముక్క అంతా సమంగా నీలం పట్టేదాకా ఇదే పని. మా ఇంట్లో ఆయన బనియన్లన్నీ నీలం మచ్చలే. అమ్మ ఉతికి ఉతికి విసిగిపోయి, చివరికి వాటిని మసిగుడ్డలకు కూడా పనికిరావని తిట్టేది.

ఆ కంపెనీలో తప్పిన ముక్కకు తీగతో ఎర్ర చీటీ కట్టేవారట. ముక్క పేరు, చేసినవాడి టోకెన్ నంబరు, తీసేయడానికి కారణం, అంతే దాని మీద ఉండేది. కారణం దగ్గర ఎక్కువసార్లు రెండే ఇంగ్లీషు మాటలు ఉండేవి, మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్ అని. ఇరవై ఆరేళ్లలో తన టోకెన్ నంబరుతో ఒక్క ఎర్ర చీటీ కూడా పడలేదని నాయిన చెప్పని చుట్టం లేడు. డ్రాయింగ్ లేకుండా పనిముట్టు ముట్టడం కూడా ఆయనకు అలవాటు లేదు. గోడకు ఒక చెక్క కొట్టమని అమ్మ అడిగితే, డ్రాయింగ్ ఇవ్వమనేవాడు. అమ్మ బొగ్గుముక్కతో గోడ మీదే గీసి, ఇదిగో నీ డ్రాయింగు అనేది. ఆయన నిజంగానే టేపు పెట్టి ఆ బొగ్గు గీత కొలిచేవాడు.

నేను డిగ్రీలో ఉండగా కంపెనీ మూతపడింది. ఆ స్థలంలో అపార్టుమెంట్లు లేచాయి. వచ్చేటప్పుడు నాయిన తన స్క్రేపర్లు, నీలం డబ్బా, రాయని ఎర్ర చీటీల కట్ట ఒకటి తెచ్చుకున్నాడు. ఆ చీటీలను అమ్మ వంటింట్లో డబ్బాలకు కట్టి ధనియాలు, మెంతులు అని రాసుకుంది. నాయిన బోడుప్పల్‌లో ఒక అపార్టుమెంటుకు పగటిపూట వాచ్‌మన్‌గా కుదిరాడు. అక్కడే కొన్నేళ్లకు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట చాయ్ సాసర్లో పడేది. తరువాత కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. దవాఖానాకు పోదామంటే, వయసుకు వచ్చిందని కొట్టిపారేసేవాడు.

ఇక నా సంగతి. యూనివర్సిటీలో నాకు దొరికిన గైడు గోదావరి వైపు మనిషి. నెమ్మదస్తుడు, కానీ లెక్క తప్పితే మాట పడాల్సిందే. ఆయన నాకిచ్చిన పని వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. అరచేయంత ఇత్తడి పలక మీద ఆవగింజంత ఉక్కు గోళీలు ఇరవై వదలాలి. చుట్టూ ఒక లోహపు కట్టు, పైన అద్దం. కరెంటు పెడితే గోళీలన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కట్టు వాటిని లోపలికి నెడుతుంది. అలా నెట్టుకుని నెట్టుకుని చివరికి ఒక క్రమంలో కుదురుకుంటాయి, మధ్యలో ఒకటి, దాని చుట్టూ ఏడు, వాటి చుట్టూ పన్నెండు. పలక కింద స్పీకర్లు పెట్టి గరగరమనే శబ్దంతో అటూ ఇటూ ఊపుతాం. ఆ ఊపే మాకు వేడి. శబ్దం పెంచితే ఉష్ణోగ్రత పెరిగినట్టు లెక్క.

ఇదే గుంపులో ఒక గోళీ తగ్గిస్తే మధ్యలో ఒకటి, ఆరు, పన్నెండు అవుతాయి. ఆరుకు పన్నెండు సరిగ్గా కుదురుతుంది. బయటి రెండు గోళీల సందులోకి లోపలి గోళీ చూస్తూ కూర్చుంటుంది, అందుకని చాలా ఊపినా కదలదు. ఏడుకు పన్నెండు ఎక్కడా కుదరదు. కొంచెం ఊపగానే ఆ ఏడు గోళీల వలయం బయటి వలయంలో జారి తిరగడం మొదలుపెడుతుంది. గోళీలు ఒక వలయం నుంచి ఇంకో వలయంలోకి దూకి పూర్తిగా కలగాపులగం కావడం ఇంకా ఎంతో వేడి తరువాత. ఆ మొదటి జారుడు ఎంత వేడి దగ్గర మొదలవుతుందో కొలిచి చెప్పాలి. అదే నా థీసిస్.

పలక అద్దంలా చదునుగా ఉండాలి. యూనివర్సిటీ వర్క్‌షాపులో చేసింది పనికిరాలేదు. నాయినకు చెప్పాను. ఎంత పొడవు, ఎంత మందం, ఎంత చదును, అన్నీ వేసి డ్రాయింగ్ ఇచ్చాను, కింద సంతకం కూడా చేయించుకున్నాడు. ఉప్పల్‌లో ఆయన పాత స్నేహితుడి షెడ్డులో వారం రోజులు కూర్చుని చేసి తెచ్చాడు. గైడు దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు తిప్పి చూశాడు.

"ఎవరు చేశారమ్మా ఇది? ఇంత సమంగా చేసే చెయ్యి ఇప్పుడెక్కడా లేదు."

ఆ మాట ఇంటికెళ్లి చెబితే నాయిన నవ్వలేదు, రెండోసారి చెప్పించుకున్నాడు. ఒక ఆదివారం ల్యాబుకు కూడా వచ్చాడు. గోళీలు కుదురుకోవడం, జారడం వంగి వంగి చూశాడు. నేను వేడి పెంచుతున్నానని అన్నప్పుడు పలక అంచు మీద వేలు పెట్టాడు.

"వేడి వేడి అంటవు, ఇది సల్లగనే ఉన్నది గద బిడ్డా?"

"నీకు సమజ్ గాదు తియ్ నాయినా," అన్నాను.

చెబితే సమజ్ అయ్యేది. నిమిషం పట్టేది అంతే. మా నాయిన లోహంతో బతికినవాడు, అణువులు ఊగడమే వేడి అని చెబితే నాకంటే బాగా పట్టుకునేవాడు. నాకు ఓపిక లేదు, అంతే సంగతి. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో మనిషికి ఒక పొగరు వస్తుంది, అది నాకు నిండా వచ్చింది.

తరువాతి ఏడాది నాకు నరకం. ఏడు గోళీల వలయం ఎప్పుడు జారడం మొదలవుతుందో పట్టుకోవాలంటే, అది జారకుండా ఉన్న క్షణం ఒకటైనా కనపడాలి. అది కనపడేదే కాదు. స్పీకరు ఆపినా, బయట లారీ పోతే జారేది, పక్క గదిలో తలుపు వేస్తే జారేది. ఫెలోషిప్ గడువు దగ్గరపడుతోంది. ఒకరోజు కరెంటు ఎగిసి పలక మీద మచ్చ పడింది. మెరుగు పెట్టమని దాన్ని ఇంటికి తెచ్చి నాయిన ముందు పడేశాను. అన్నం తింటూ నా ఏడుపంతా వెళ్లగక్కాను. పంతొమ్మిది పెడితే బుద్ధిగా ఆగుతాయి, ఇరవై పెడితే ఆ ఏడూ ఆగి చావవు, అవి ఆగితే నా పీహెచ్‌డీ అయిపోతుంది అన్నాను. ఆ మాటలు నావే, ఒక్క అక్షరం మార్చలేదు. నాయిన నా బ్యాగులోని ఫోటోల్లో ఒకటి తీసుకుని, ఇది ఎన్ని రెట్లు పెద్దగ తీసింది అని మాత్రం అడిగాడు. పదిరెట్లు అని చెప్పి చెయ్యి కడుక్కున్నాను.

పలక అయిదోరోజు వచ్చింది, మచ్చ లేదు. ఆ మధ్యాహ్నమే బిగించాను. ఏడు గోళీలు ఆగాయి. ఊపు పెంచాను, ఆగే ఉన్నాయి. ఇంకా పెంచాను, ఒకచోట దాకా ఆగి, అక్కడ ఒక్కసారిగా వదిలి గుంపంతా కలగాపులగమైంది. నెలల తరబడి కొలిచాను, ప్రతిసారీ అదే. చిన్న గుంపు పెద్ద మంచుగడ్డలాగా ఒకేచోట కరుగుతోంది. ఇది పుస్తకాల్లో ఉన్నదానికి ఎదురు. గైడు మొదట నమ్మలేదు, తరువాత నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. పేపరు రాసి విదేశీ పత్రికకు పంపాం. ఇంట్లో చెబితే నాయిన ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఎందుకో నాకు అప్పుడు తెలియదు.

పత్రిక వాళ్లు పేపరును ఎవరో నిపుణుడికి చూపించారు. ఆయన ఒక్క ప్రశ్న వేశాడు. గుంపు కరిగి, మళ్లీ కుదురుకున్న తరువాత, లోపలి వలయం పాత దిక్కునే ఆగుతోందా, వేరే దిక్కునా? చాలా మామూలు ప్రశ్న. నాకు ముందే తట్టి ఉండాల్సిన ప్రశ్న. ఫోటోలన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి చూశాను. వందల ఫోటోల్లో ఆ ఏడు గోళీలు కూర్చున్నది అవే ఏడు చోట్ల. ఒక గోళీ ప్రతిసారీ పైఅద్దం మీద ఎడమవైపున్న మరకనే చూస్తోంది.

ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఇంట్లోంచి నీలం డబ్బా తెచ్చి, వర్క్‌షాపు బండ మీద పల్చగా రాసి, పలకను బోర్లించి రుద్దాను. పలకంతా సమంగా నీలం పట్టింది. మధ్యలో ఏడు చుక్కలు మాత్రం ఇత్తడి రంగులోనే మెరుస్తున్నాయి. గుండ్రంగా, ఎడం తప్పకుండా ఏడు గుంటలు. కంటికి కనపడనంత లోతు. మైక్రోస్కోపు కింద పెట్టి కొలిస్తే ఏడింటి లోతూ ఒకటే. నా గుంపు కరగకపోవడానికి కారణం భౌతికశాస్త్రం కాదు.

ఆ సాయంత్రం నాయిన డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పుతున్నాడు. పలక ఆయన ముందు పెట్టి ఇదేందని అడిగాను. ఆయన దాన్ని చూసి, కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు. దొరికిపోయిన మంచిపనికి జనం అలాగే నవ్వుతారు.

"గవి ఆగుతలేవని నువ్వే అంటివి గద బిడ్డా. ఆగేటట్టు జేసిన."

ఆయన బతుకంతా అదే పని. ఏదైనా జారుతోందంటే, ఊగుతోందంటే, అది తప్పు. దాన్ని ఆపినవాడే పనిమంతుడు. ఇరవై ఆరేళ్లు దానికే జీతం ఇచ్చారు. నాకు కావలసింది ఆ జారుడేనని, జారడమే అసలు సంగతని నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఇది రాయడం తేలిక. ఆ సాయంత్రం మాత్రం నాకు కనపడింది ఏడాదిన్నర బూడిద, వెనక్కు తీసుకోవలసిన పేపరు, గైడు ముందు తలదించుకోవడం. అరిచాను. నా బతుకు పాడుచేశావన్నాను. ఆయన నిలబడే విన్నాడు. అంతటితో ఆగి ఉంటే ఆయన మరచిపోయేవాడేమో. నేను ఆగలేదు.

"వణికే చేతులతోని దాన్ని ముట్టుమని నిన్నెవలడిగిన్రు నాయినా?"

నాయిన తన చేతుల వంక చూసుకున్నాడు. కుడిచెయ్యి వణుకుతోంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని బయటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన చేతుల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లం కాదు, ఎత్తింది నేనే. పలకను అక్కడే నేల మీద వదిలేశాను. అది తరువాత ఏమైందో నేను అడగలేదు.

పేపరు వెనక్కు తీసుకున్నాం. గైడు నన్ను ఒక్క మాట అనలేదు, జరిగింది థీసిస్‌లో ఉన్నది ఉన్నట్టు రాయమన్నాడు. రాస్తే ఇంకొకరు జాగ్రత్తపడతారన్నాడు. కొత్త పలక చర్లపల్లిలో కంప్యూటరుతో నడిచే మెషీను మీద చేయించాం. అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపులో ఉంది, వారానికో బందు. బందు రోజున రోడ్డు మీద లారీ ఉండదు, ల్యాబు నేల కదలదు. నాచారం నుంచి నడిచి పోయి కొలిచేదాన్ని. నా మంచి కొలతలన్నీ బందు రోజులవే. పుస్తకాల్లో ఉన్నదే నిజమని తేలింది. ఏడు గోళీల వలయం జారడానికి వేడి దాదాపు అక్కర్లేదు. ఉందా లేదా అన్నంత ఊపు చాలు.

పాత పలక గురించి రాసేటప్పుడు నాకు సిగ్గేసింది. మా నాయిన నా మాట విని గుంటలు పెట్టాడని పరీక్షకులకు ఎలా రాస్తాను? ఎవరి మీదా పడకుండా ఉండాలని, మొదటి పలకను తయారీలోపం వల్ల తీసేశామని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఎవరి మీదా పడదని నిజంగానే అనుకున్నాను. గైడు చదివి, నా వంక ఒకసారి చూసి, సంతకం పెట్టాడు.

నల్ల అట్ట మీద బంగారు అక్షరాలతో థీసిస్ ఇంటికి తెచ్చినరోజు అమ్మ దానికి బొట్టు పెట్టింది. నాయిన చేతులు కడుక్కొచ్చి, ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పాడు. ఆయనది డ్రాయింగులు చదివేంత ఇంగ్లీషు. బొమ్మలు వెతుక్కుంటూ పోయి, పలక బొమ్మ ఉన్న పేజీ దగ్గర ఆగాడు. వణికే వేలు వాక్యాల మీద మెల్లగా పోతోంది. ఒకచోట ఆగింది. ఆ పేజీలో ఆయనకు తెలిసిన మాటలు ఆ రెండే అయి ఉంటాయి. మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్. అవి ఎంత బాగా తెలుసో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఇది నా పలక సంగతేనా?"

అవునన్నాను. ఇంకేమైనా అనాల్సింది.

"మంచిగ రాసినవ్," అని పుస్తకం మూసి అమ్మకిచ్చాడు.

ఆ తరువాత ఆయన పనిముట్లు ముట్టుకోవడం నేను చూడలేదు. వీధిలో వాళ్లు తాళం పట్టేసిందనో, కుళాయి కారుతోందనో వస్తే, చేతనైతలేదని పంపేసేవాడు. రెండేళ్లు అలా గడిచాయి. వణుకు కుడి నుంచి ఎడమకు వచ్చింది, తరువాత కాళ్లకు. ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న ఏడాది దవాఖానాలో పోయాడు. క్షమించమని అడగలేదు. అడగడానికి రోజులు ఉన్నాయనుకున్నాను.

రాష్ట్రం వచ్చిన జూన్‌లో మేం నాగారానికి ఇల్లు మారాం. వీధిలో డప్పులు, గులాబీ రంగు. సామాను సర్దుతూ అమ్మ నాయిన ఇనుప పెట్టె తెరిచింది. స్క్రేపర్ల కింద, నూనెగుడ్డలో చుట్టి ఆ పలక ఉంది. పక్కనే నీలం మచ్చల కండువా, రెండు కొనలూ ముడులు పడి బిగుసుకుపోయి. కండువాను ఇక్కడెందుకు పెట్టాడని నాలో నేను అనుకుంటున్నట్టే పైకి అన్నాను. అమ్మ కండువా చేతిలోకి తీసుకుంది. పలకకు మెరుగు పెట్టిన ఆ నాలుగు రోజులూ ఆయన డ్యూటీ మానితే, మధ్యాహ్నం తానే షెడ్డుకు గిన్నెలో అన్నం తీసుకుపోయానని చెప్పింది.

"సెయ్యి వణకకుండ ఈ కండువతోని బల్లకు కట్టుకున్నడు బిడ్డా. విప్పుమంటె, ఇంక రెండు గుంటలు ఉన్నయన్నడు. అన్నం నేనే తినిపిచ్చిన."

పలక అంచున రంధ్రంలోంచి సన్నటి తీగ వేలాడుతోంది. దానికి ఎర్ర చీటీ. వెనకవైపు అమ్మ రాత ఉంది, మెంతులు అని. ముందువైపు నాయిన రాత, వంకరలు పోయిన అక్షరాలు, ఒక్కోటి రాయడానికి ఎంతసేపు పట్టిందో. ముక్క పేరు దగ్గర పలక అని రాశాడు. దాని కింద తన టోకెన్ నంబరు. కారణం దగ్గర ఇంగ్లీషు మాటలు లేవు. డ్రాయింగ్ అడుగలేదు అని ఉంది.

మొదటిసారి డ్రాయింగ్ ఇచ్చాను, సంతకం పెట్టాను. రెండోసారి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను, అంతే. ఆయన దాన్నే డ్రాయింగ్ అనుకున్నాడు. తప్పు మాత్రం తన నంబరు మీద వేసుకున్నాడు.

చీటీ విప్పేద్దామని తీగ పట్టుకున్నాను. ఫిట్టరు కట్టిన ముడి, నా చేతికి రాలేదు. డప్పుల చప్పుడులో నేను ఏడవడం అమ్మకు వినపడలేదు. పలకను అలాగే, చీటీతో సహా, నూనెగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను.